తటస్థించడం వేరు, తటస్థీకరించడం వేరు

సందేహం: మా అబ్బాయి సైన్సు పాఠంలో 'ఆమ్లం, క్షారం కలిసి తటస్థీకరణం చెందుతాయి' అని ఉంది. మా అత్తగారు 'ఆపద తటస్థించింది' అంటుంటారు. ఒకే మాటకు ఇంత తేడానా? పాఠంలోని వాక్యం సరైనదేనా?

సమాధానం: రెండు మాటలూ ఒకే ఒడ్డున పుట్టాయమ్మా. తటం అంటే ఒడ్డు. తటస్థుడు ఒడ్డున నిలిచినవాడు. ఏట్లో దిగినవాళ్ల గొడవలో ఎటూ చేరడు కాబట్టి ఏ పక్షమూ వహించనివాడయ్యాడు. ఒడ్డున ఉన్నవాడు చేరువలో ఉన్నవాడు కూడా. మీ అత్తగారి మాటలో ఉన్నది ఈ చేరువే: ఆపద దగ్గరికి వచ్చింది, అంటే సంభవించింది. 'దారిలో తటస్థపడ్డాడు' అన్నా అంతే, ఎదురుపడ్డాడని.

రసాయనశాస్త్రం మొదటి అర్థాన్ని తీసుకుంది. పసుపు నీళ్లలో కాస్త సున్నం కలపండి, పారాణిలా ఎర్రబడతాయి. సున్నం క్షారం కనుక ఆ ఎరుపు. అందులో నిమ్మరసం పిండుతూ పోతే మళ్లీ పసుపు రంగు తేలుతుంది. నిమ్మపులుపులోని ఆమ్లం సున్నపు క్షారగుణాన్ని పోగొట్టింది. క్షారం తటస్థమైంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ సరిపాళ్లలో కలిపితే మిగిలేది ఉప్పునీరు, దాని పీహెచ్ 7, అంటే అది ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, కలిసి నీరవుతాయి. సోడియం, క్లోరైడ్ అయాన్లు మాత్రం మొదట ఎలా ఉన్నాయో అలాగే నీళ్లలో ఉండిపోతాయి. వాటిని ప్రేక్షక అయాన్లంటారు. నన్నడిగితే అసలు తటస్థులు అవే, ఒడ్డున నిలబడి చూసినవి! ఈ మాట అక్కడ ఇంత చక్కగా అతకడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

ఇక వాక్యం సంగతి. 'స్థీ'లోని ఈకారం ఊరికే రాలేదు. అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడాన్ని అది చెబుతుంది. జాతీయీకరణం, సరళీకరణం ఇలాంటివే. కరణం అంటే చేయడం. 'చేయడం చెందుతాయి' అనం కదా! పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి వాడుక పాతుకుపోయింది, తప్పని కొట్టేయను. కానీ పిల్లలకు 'ఆమ్లం క్షారాన్ని తటస్థీకరిస్తుంది' అని చెప్పండి. ఎవరు ఎవరిని ఏం చేశారో తెలుస్తుంది. 'తటస్థమవుతుంది' అన్నా హాయిగా ఉంటుంది.

రాసేటప్పుడు మాత్రం 'తటస్తం' అని రాయనివ్వకండి. ఆ 'స్థ'లోనే నిలబడడం ఉంది.