భుజాన పుస్తకాల సంచి వేసుకునే ముందు

అమలాపురం,
ఆదివారం.

చి. శ్రీలలితకు చిన్నతాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, ముంబైలో మీ మేనేజిమెంటు కళాశాలవారు అమ్మకాలూ వ్యాపార నీతీ ఒకేసారి నేర్పే ఉద్దేశంతో మీ చేత గాంధీ సాహిత్యం అమ్మించబోతున్నారనీ, మీ జట్టు వంతుకు రెండు వందల పుస్తకాలు వచ్చాయనీ చెప్పింది. మన ఇంట్లో ఆ సంచి మోసినవాణ్ణి ఇంతవరకూ నేనొక్కణ్ణే కనుక, నాకు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను. అంతలోనే మీ అమ్మ, "వాళ్ళ నాన్న యాభై కొనేసి ఆఫీసులో పంచేస్తారులే బాబాయ్, పిల్ల ఎండలో తిరగనక్కర్లేదు" అనేసరికి ఆ సంతోషం కాస్తా గుబులుగా మారింది. ఈ ఉత్తరం ఆ గుబులు వల్ల రాస్తున్నదే.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. మంచినీళ్ళ సీసా, చిల్లర, రసీదు పుస్తకం మరిచిపోవద్దు. ఏ రోజు లెక్క ఆ రోజే రాసుకో. చీకటి పడ్డాక తెలియని ఇంటి గుమ్మం ఎక్కవద్దు. ఎక్కడికైనా ఇద్దరు కలిసే వెళ్ళండి. ఈ చివరి రెండూ మీ మాస్టర్లు చెప్పినా చెప్పకపోయినా నా కోసం పాటించు.

తరవాతది, అమ్మే పుస్తకాన్ని చదివి అమ్మడం. గాంధీ రచనల మీద కాపీహక్కు 2008తో ముగిసింది కనుక ఆయన ఆత్మకథ 'సత్యశోధన'ను ఇప్పుడు ఎవరైనా అచ్చు వేయవచ్చు. అందువల్ల నీ చేతిలోది సంపూర్ణ ప్రతో సంక్షిప్త ప్రతో ముందు చూసుకో, సంక్షిప్తమైతే ఆ మాట కొనేవారికి నువ్వే చెప్పు. మరొకటి కూడా గుర్తుంచుకో. ఆత్మకథ 1920 నాటి నాగపూరు కాంగ్రెసు దగ్గరే ఆగిపోతుంది. దండి యాత్ర ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పాలి. ఆ ఒక్క "లేదు" వల్ల కొన్ని ప్రతులు సంచిలోనే మిగిలిపోతాయి, మిగలనీ. అలాగే బ్యాంకుల్లోనూ దుకాణాల్లోనూ పటం కట్టి వేలాడదీసే, ఖాతాదారుడే మన దగ్గరికి వచ్చే అతి ముఖ్యమైన అతిథి అనే మాటను గాంధీ పేరిట ఎక్కడా చెప్పవద్దు. వంద సంపుటాల ఆయన సమగ్ర రచనల్లో అది కనిపించదు. అమ్మకాల పాఠంలో ఆ పటమే ముందుగా చూపిస్తారేమోనని నా అనుమానం.

నువ్వు తిరగబోయే నగరంలోనే గాంధీ స్వయంగా వీధిలో నిలబడి పుస్తకాలు అమ్మారన్న సంగతి నీకు తెలుసో లేదో. 1919 ఏప్రిల్ 6న రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా హర్తాళ్ జరిగింది. ఆనాటి సాయంత్రం ఉపవాసం ముగిశాక ఆయనా సరోజినీ నాయుడూ చెరొక కారులో బయలుదేరి, ప్రభుత్వం నిషేధించిన 'హింద్ స్వరాజ్', 'సర్వోదయ' పుస్తకాలు అమ్మారు. ప్రతి వెల నాలుగణాలైతే, జనం జేబులో ఉన్నదంతా ఇచ్చేశారు. ఒక ప్రతికి యాభై రూపాయలు కూడా వచ్చాయి. ఈ కథ చెప్పేవారు ఆ యాభై రూపాయల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అందులో విలువైనది వేరొకటి. ఈ పుస్తకం కొన్నవారిని కూడా పట్టుకుని జైల్లో పెట్టవచ్చునని కొనేవారికి ముందే వివరంగా చెప్పి, ఆ తరవాతే అమ్మారు. సరుకులో ఉన్న ప్రమాదాన్ని సొమ్ము చేతికి రాకముందే చెప్పిన అమ్మకం అది.

నీతి లేని వాణిజ్యం ఏడు సామాజిక పాపాల్లో ఒకటని 1925 అక్టోబరులో 'యంగ్ ఇండియా'లో వచ్చిన మాటను మీ తరగతిలో బోర్డు మీద రాసే ఉంటారు. చదివి తల ఊపడం తేలిక, శ్రీలలితా. నేనూ ఇరవై రెండేళ్ళ వయసులో ఊపాను.

గాంధీ శతజయంతి ముగిసిన కొద్ది నెలలకు, 1970 సంక్రాంతి వెళ్ళాక, బి.ఏ. చేతికొచ్చి ఉద్యోగం రాని రోజుల్లో, ఒక పెద్దమనిషి అప్పుగా ఇచ్చిన పుస్తకాలు సైకిలుకు కట్టుకుని కోనసీమ కాలువ గట్ల మీద తిరిగేవాణ్ణి. రూపాయికి పావలా కమీషను. మూడు వారాలు తిరిగినా ఇరవై ప్రతులు పోలేదు. అప్పు ఇచ్చినాయన వారం వారం లెక్క అడిగేవాడు, ఇంట్లో మా నాన్న అడగకుండా చూసేవాడు. అడగకుండా చూడటమే ఎక్కువ బాధించేది. ఒకనాడు ముక్తేశ్వరం వైపు గౌతమి పాయలోని ఒక లంకకు పడవ మీద వెళ్ళాను. అక్కడ కొబ్బరి దింపు తీసే ఒకాయన, కొడుకు స్కూలు ఫైనలు చదువుతున్నాడనీ ఈ పుస్తకం వాడికి ఉపయోగపడుతుందా అనీ అడిగాడు. ఆయన అడిగింది మామూలు ప్రశ్నే. "శతజయంతి ఏడాది కదండీ, పరీక్షలో దీన్నుంచి తప్పకుండా ఒక పెద్ద ప్రశ్న వస్తుంది" అన్నాను. ఆ మాట నాకు అప్పటికప్పుడు తట్టిందే, ఎవరూ నాకు నేర్పలేదు. ఆయన లోపలికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చి, అరచేతిలో చెమటకు తడిసిన చిల్లర పెట్టాడు. ఆయన నోటి నుంచే మాట ఊరంతా పాకి, సాయంత్రానికి పదకొండు ప్రతులు పోయాయి. సత్యశోధన అనే పుస్తకాన్ని అబద్ధం చెప్పి అమ్మానన్న స్పృహ పడవలో తిరిగి వస్తున్నప్పుడు కలగకపోలేదు గాని, ఖాళీ సంచి తేలికగా ఉంది, గాలి చల్లగా వీస్తోంది, నేను పాట పాడుకుంటూ వచ్చాను.

పరీక్షలు అయిపోయాక మళ్ళీ ఆ రేవుకు వెళ్ళవలసి వచ్చింది. తప్పించుకుందామనుకున్నాను గాని ఆయనే నన్ను చూసి కేకేసి, అరుగు మీద కూర్చోబెట్టి, బొండం కొట్టి ఇచ్చాడు. కుర్రవాడు పుస్తకం తెచ్చి చూపించాడు. అట్ట మీద అట్ట వేసి, పేజీ పేజీకీ పెన్సిలుతో గీతలు గీసి, సంవత్సరాలన్నీ మార్జిన్లలో రాసుకున్నాడు. చిన్ననాడు బంగారం దొంగిలించిన గాంధీ తండ్రికి చీటీ రాసి ఒప్పుకున్న ఘట్టం దగ్గర గీత లేదు. అక్కడ తేదీ లేదు కనుక పరీక్షకు రాదనుకున్నాడట. "ఒక్క ప్రశ్న కూడా రాలేదండి" అన్నాడు. వాడి గొంతులో నిష్ఠూరం లేదు, ఆశ్చర్యమే ఉంది. నా నోట మాట రాకముందే తండ్రి కలగజేసుకుని, "పోనిద్దురూ, పాపం ఆయనకు మాత్రం ఏం తెలుసు, ఎవరో చెప్పిందే మనకు చెప్పి ఉంటారు" అన్నాడు.

నేను తల ఊపాను. అవునన్నట్టుగా ఊపాను.

ఆనాడు లంకలో చెప్పిన అబద్ధాన్ని ఆకలి మీదికో వయసు మీదికో నెట్టవచ్చు. ఆ తల ఊపడాన్ని దేని మీదికీ నెట్టలేక యాభై అయిదేళ్ళుగా మోస్తున్నాను. నిజం చెప్పడానికి ఆయన నాకు తలుపు తెరిచి చూపించాడు, నేను ఆ తలుపు వెనకే దాక్కున్నాను. డబ్బు తిరిగి ఇస్తానంటే ఒప్పుకోలేదు. రాత్రుళ్ళు కొడుకు చదివి వినిపిస్తుంటే తనకు బాగుందని, పుస్తకం మంచిదేనని అన్నాడు. ఏళ్ళ తరవాత ధైర్యం చేసి మళ్ళీ వెళ్ళేసరికి, 1986 ఆగస్టు వరదల అనంతరం ఆ ఒడ్డు కోతకు గురై, ఆ ఇళ్ళవాళ్ళు ఎటో వెళ్ళిపోయారు. రేవులో వాకబు చేశాను, ఎవరూ చెప్పలేకపోయారు.

నువ్వు చురుకైనదానివి కనుక, తండ్రీ కొడుకులకు మేలే జరిగిందిగా తాతయ్యా అంటావు. ఆ వాదనతో నేనూ చాలాకాలం కాలక్షేపం చేశాను. 'హింద్ స్వరాజ్'లో సాధనాన్ని విత్తనంతోను, సాధ్యాన్ని చెట్టుతోను పోల్చిన చోటు ఒకటి ఉంది. పుస్తకం నీ సంచిలోనే ఉంటుంది కనుక వెతుక్కో. ఆ కుర్రవాడు పుస్తకమంతా తేదీల కోసమే చదివాడు. అలా చదివించింది నేను చెప్పిన మాటే.

నాకు భయం ఎండ గురించి కాదు, లోకల్ రైళ్ళ గురించి కూడా అంతగా కాదు. పక్క జట్టువాళ్ళు నూట ఎనభై అమ్మారని తెలిసిన సాయంత్రం, ఎదుటివాడు మామూలు ప్రశ్న ఒకటి అడిగినప్పుడు నీ నోటికి ఏ మాట తడుతుందోనని భయం. అందుకే మీ నాన్న యాభై ప్రతుల మాట నాకు నచ్చలేదు. నీ పట్టీలో యాభై అమ్మకాలు కనబడతాయి, అమ్మినది ఒక్కటీ ఉండదు. నేను మీ అమ్మతో కొంచెం గట్టిగానే అన్నాను. కోపం వచ్చినట్టుంది, నువ్వు సర్దిచెప్పు. పెద్దవాళ్ళకు ఉచితంగా ప్రతులు పంచే ఆలోచన ఉన్నా మానుకోండి. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే గుమ్మంలో ఆపిన వలంటీరు మన రాజమండ్రి పిల్ల దుర్గాబాయి; అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు.

అమ్ముడుపోక ప్రతులు మిగిలితే ఎన్ని మిగిలాయో ఉన్నదున్నట్టు రాసి ఇచ్చెయ్యి. ఒక ప్రతి మాత్రం పూర్తి వెల నా లెక్కలో రాసుకుని వేసవి సెలవులకు నీతో తీసుకురా, అయితే దాన్ని మీ జట్టు పట్టీలో కలపవద్దు. శుక్లాల ఆపరేషను అయ్యాక సన్న అక్షరాలు నాకు ఆనడం లేదు. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని నువ్వే చదివి వినిపించాలి. బంగారం దొంగతనం దగ్గర కొంచెం నెమ్మదిగా చదువు.

ఇట్లు,
నీ చిన్నతాతయ్య