ఎడారి వానకు వాసననిచ్చే పొద

ప్రశ్న: ఆరిజోనాలో ఉంటున్న మా అబ్బాయి, అక్కడ చినుకు పడగానే ఎడారంతా ఘాటైన వాసన వేస్తుందనీ, అది ఒక పొద మహిమనీ చెబుతూ ఫొటో పంపాడు. నీళ్లు లేకుండా బతికే ఆ మొక్కను మా మెట్టచేను గట్ల మీద నాటుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, ఉదయగిరి, నెల్లూరు జిల్లా

జవాబు: అది క్రియోసోట్ పొద. మొహావీ, సొనోరా, చివావా ఎడారుల్లో కనుచూపు మేర పరుచుకొని ఉండే ఈ పొద మన పల్లేరు కుటుంబానికే చెందినదంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు గాని, రెండింటి పూలనూ పక్కపక్కన ఉంచి చూస్తే ఆ అయిదు పసుపు రేకుల పోలిక ఇట్టే తెలుస్తుంది.

దీని ఒక్కో ఆకు, చింతాకులో రెండు రెక్కలను మొదట్లో కలిపి అతికించినట్లుంటుంది. వేళ్ల మధ్య నలిపితే జిగురు అంటుకుంటుంది. ఆ జిగురు పూతే దాని ప్రాణాధారం. లోపలి తేమను ఎండకు ఆరిపోనివ్వకుండా కాపాడేదీ, మేసే జంతువుల నోటికి సహించకుండా చేసేదీ, తడి తగలగానే గాలిలో కలిసి మీ అబ్బాయి చెప్పిన వాసననిచ్చేదీ అదే. నడిమి కాండాలు చచ్చిపోతుండగా అంచుల్లో కొత్తవి పుడుతూ, ఒకే మొక్క క్రమంగా వలయంగా విస్తరిస్తుంది. మొహావీలోని ‘కింగ్ క్లోన్’ అనే అటువంటి వలయం వయసు సుమారు 11,700 ఏళ్లని అంచనా. అంటే నెల్లూరు మాగాణుల్లో తొలి వరినారు పడకముందే అది మొలకెత్తిందన్నమాట.

ఇక నాటే విషయానికి వస్తే, వద్దనే నా సలహా. నీరు నిలవని నేలకు అలవాటుపడిన ఆ వేళ్లు మన కార్తీక మాసపు ముసురుకు తట్టుకోవడం కష్టం. ఒకవేళ తట్టుకొని పాకిందా, అది మరింత ప్రమాదం. వంటచెరకు కోసమని 1877లో కడప ప్రాంతంలో నాటిన సర్కారు తుమ్మ ఈనాడు మన చెరువులనూ బీళ్లనూ ఎలా కమ్మేసిందో మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. క్రియోసోట్ ఎండుటాకులు తెప్పించుకొని కషాయం కాచుకోవాలన్న ఆలోచన ఉంటే అదీ మానుకోండి. అది తాగి కాలేయం దెబ్బతిన్న వారి ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

మీ గట్లకు బందారు చాలు. కుంకుడు కుటుంబానికి చెందిన ఈ పొద ఆకు కూడా జిగురుతో మెరుస్తూ ఎండకు ఓర్చుకుంటుంది, మేకలు దాన్ని అంతగా ముట్టవు. రెక్కల కాయలు ఎండిన తరువాత గింజలు దులిపి, వేడినీళ్లలో నానబెట్టి, వానలకు ముందు గట్టు మీద చల్లుకోండి.