తపాలాలో వచ్చిన కిట్టు

ప్రశ్న: మాది తెనాలి. ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటున్నాను, 52 ఏళ్లు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ మలపరీక్ష కిట్టు పంపింది. మా నాన్నగారు 46 ఏళ్లకే పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు. నాకు ఏ బాధా లేదు. పరీక్ష అవసరమా?
– ఒక సోదరి

జవాబు: అవసరమేనమ్మా, ఈ వారమే చేసుకోండి. ఇంగ్లండులో 50 నుంచి 74 ఏళ్ల వారికి రెండేళ్లకోసారి పంపే ఆ కిట్టు ఏ బాధా లేనివారి కోసమే. మలం నీళ్లలో పడకుండా శుభ్రమైన ఖాళీ డబ్బాలో పట్టండి. కిట్టులోని సీసా మూతకున్న పుల్లతో గీరండి, దాని కొసనున్న గాడులు నిండితే చాలు. తేదీ రాసి పోస్టు చేయండి. కంటికి కనిపించని రక్తం ఉందేమో చూస్తారు. ఉందన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. సాధారణంగా కొలనోస్కోపీకి, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగును లోపల చూసే పరీక్షకు, పిలుస్తారు.

మీరు మాత్రం కిట్టుతో ఆగకూడదు. తండ్రికి 50 లోపే వచ్చిందన్న సంగతి మీ డాక్టరుకు రాసి ఇవ్వండి. తెనాలికి ఫోను చేసి మేనత్తలను, బాబాయిలను అడగండి: ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో? మన ఇళ్లలో క్యాన్సర్ పేరెత్తరు, అది నాకెప్పుడూ బాధే. ‘కడుపులో గడ్డ’తో పోయారంటే గుచ్చి గుచ్చి అడగండి. గర్భాశయ క్యాన్సర్ ఉన్నా రాయండి. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం వల్ల పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు రెండూ ఒకే కుటుంబంలో రావచ్చు. నాన్నగారి బయాప్సీ (ముక్క పరీక్ష) కాగితం దొరికితే ఫొటో తెప్పించుకుని, మీ తోబుట్టువులకూ పంపండి.