నట్టు కదలట్లేదా? ముందు జాకీ దించండి

ప్రశ్న: మాది కాకినాడ, సముద్రానికి దగ్గర. మా నాన్నగారి పాత ఆల్టో రెండేళ్లుగా ఇంటి ముందే ఉంది, నెలకోసారి స్టార్ట్ చేయడమే తప్ప బయటికి తీసింది లేదు. మొన్న ముందు ఎడమ టైరు గాలి పూర్తిగా దిగిపోతే స్టెప్నీ వేద్దామని కూర్చున్నాను. నాలుగు నట్లలో రెండు కిర్రుమంటూ వచ్చాయి, మూడోది ఎంత తిప్పినా కదల్లేదు, నాలుగోదాని మీద పానా జారి జారి మూలలు అరిగిపోయాయి. జాకీ మీద ఉండగానే పానా మీద కాలేసి తొక్కితే బండి ఊగింది, భయమేసి ఆపేశాను. పక్కింటి బాబాయ్ గారు కిరోసిన్ పోయమంటున్నారు, పంక్చర్ షాపతను గ్యాస్‌తో కాల్చి తీసేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ఊగిన వెంటనే ఆపేశారు చూడండి, అది చాలా మంచి పని. జాకీ మీదున్న బండికి ఎప్పుడూ అంత బలం పెట్టకూడదండి, అది పక్కకి ఒరిగితే పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఇప్పుడు మొదట, ఊడి వచ్చిన రెండు నట్లూ చేత్తో మళ్లీ ఎక్కించి కాస్త బిగించండి, ఆ తర్వాతే జాకీ దించండి. గాలి లేని టైరు నలిగినా ఫర్వాలేదు, బండి బరువంతా నేల మీద ఉండాలి, చక్రం తిరగకూడదు. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి.

గ్యాస్ మాత్రం వద్దే వద్దు. టైరు రిమ్ము మీద ఉండగా రిమ్ముని వేడి చేస్తే లోపలి రబ్బరు కాలి ఆవిరి పుట్టి టైరు బాంబులా పేలే ప్రమాదం ఉంది, ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలు నిజంగా ఉన్నాయి. గాలి దిగింది కదా అనుకోకండి. పైగా ఆ వేడికి లోపల బేరింగు గ్రీజు కరుగుతుంది, పక్కనే బ్రేకు గొట్టం ఉంటుంది. కిరోసిన్ పాతకాలం నుంచీ ఉన్న చిట్కానే, కొంత పనిచేస్తుంది కూడా, కాకపోతే తుప్పు వదిలించే స్ప్రే డబ్బా ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతున్నప్పుడు నేనైతే దానికే వెళ్తాను. డబ్ల్యూడీ ఫార్టీ లాంటిదైనా సరే.

స్ప్రే ఎక్కడ కొట్టాలన్నది ముఖ్యం. నట్టు మధ్యలో స్టడ్డు (నట్టు ఎక్కే మరల బోల్టు) కొస కనిపిస్తుంటే ఆ మర మొదట్లో కొట్టండి. నట్టు టోపీలా మూసి ఉంటే, అది రిమ్ముకి ఆనే అంచు చుట్టూ కొట్టండి, అక్కడి నుంచి లోపలికి పాకాలి కాబట్టి ఎక్కువసేపు పడుతుంది. బ్రేకు డిస్కు వైపు చిమ్మకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి. సాయంత్రం కొట్టి, పడుకునే ముందు ఇంకోసారి కొట్టి, పొద్దున్నే పని మొదలుపెట్టడం ఉత్తమం. తొందరలో అరగంటైనా ఆగండి.

పొద్దున కదలని ఆ మూడో నట్టుకి సరిగ్గా పట్టే సాకెట్ (నట్టు మీద టోపీలా కూర్చునే పానా మూతి) ఎక్కించి, సాకెట్ వెనక సుత్తితో ఐదారు దెబ్బలు గట్టిగా వేయండి. ఆ అదురుకే తుప్పు పట్టు కొంత వదులుతుంది. స్టడ్డు కొస మీద మాత్రం కొట్టకండి, మర పాడవుతుంది. తర్వాత వదులు చేసే ముందు బిగించే వైపు ఒక్క పిసరు తిప్పి చూడండి, వింతగా ఉంటుంది కానీ చాలాసార్లు అక్కడే 'టక్' అని విడుతుంది. ఆ శబ్దం విన్నాక పని సగం అయినట్టే.

బలం సంగతికొస్తే, చిన్న కార్ల నట్లు బిగించాల్సింది సుమారు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) మధ్య. అంటే కారుతో వచ్చే పావు మీటరు పానా కొస మీద దాదాపు 40 కిలోల బలం. తుప్పు పట్టినదానికి ఇంకా రెండింతలు కావచ్చు, అందుకే చేతులతో రాదు. రెండడుగుల ఇనప పైపు పానాకి తొడిగితే అదే పనికి 17 కిలోలు చాలు. పానా పిడిని మీ ఎడమ వైపుకి అడ్డంగా, గడియారంలో తొమ్మిది దగ్గర ముల్లు ఉన్నట్టు పెట్టి, కిందికి నెమ్మదిగా ఒరగండి. ఎక్కి గెంతకండి. పానా జారితే మోకాలు నేరుగా నేలకి తగులుతుంది.

మూలలు ఎందుకు అరిగాయో కూడా చూసుకోండి. చాలా మారుతి బండ్లకి 19 ఎంఎం నట్లు, హ్యుందాయ్‌లకి 21. ఇంట్లో దొరికిన 21 పానా 19 నట్టుకి పెడితే వదులుగా ఆడి మూలల్ని తినేస్తుంది. పన్నెండు మూలల సాకెట్ కూడా అంతే, బలం పెడితే జారుతుంది, గట్టి పనికి ఆరు మూలలదే వాడాలి. మీ నాలుగో నట్టుకి ఇప్పుడు రెండు దారులున్నాయి. 18 ఎంఎం పన్నెండు మూలల సాకెట్ ఒకటి చవకది కొని సుత్తితో దిగ్గొట్టి తిప్పడం ఒకటి (జారుతుందన్న సాకెట్ ఇక్కడ మాత్రం పనికొస్తుంది, ఎందుకంటే దాని పళ్లు నట్టులోకి కొరుక్కుని దిగుతాయి). లేదా లోపల మెలి తిరిగిన పళ్లుండే సాకెట్లు ప్రత్యేకంగా దొరుకుతాయి, తిప్పేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. రెండూ కాకపోతే మెకానిక్‌ని ఇంటికే పిలవండి, అతను ఉలితో నట్టు చీల్చేస్తాడు. స్టడ్డు విరిగినా దిగులుపడకండి, హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం) వెనక నుంచి కొత్తది దించుతారు. నట్టూ స్టడ్డూ చవకే. విరిగిన స్టడ్డుతో మూడు నట్ల మీద బండి తిప్పడం మాత్రం మంచిది కాదు.

మీ బండికి ఉప్పుగాలి ఒక్కటే కారణం కాకపోవచ్చు కూడా. చాలా టైరు షాపుల్లో ఎయిర్ గన్‌తో 'గర్ర్'మని చివరిదాకా కొట్టేస్తారు, కొలత ఉండదు. నేను ఒకసారి శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుండగా పంక్చరై, ముందు రోజే వేరే షాపులో గన్‌తో బిగించిన నట్లు రెండు గంటలైనా కదపలేకపోయాను. కారుతో వచ్చిన పానా మూతి విచ్చుకుపోయింది, ఒక లారీ డ్రైవరు గారు ఆగి పొడుగు రాడ్డు ఇస్తేనే వచ్చాయి. అప్పటి నుంచి షాపులో గన్ సగంలో ఆపమని, మిగతాది చేతి పానాతో బిగించమని అడిగి నిలబడి చేయించుకుంటున్నాను. మీరూ అడగండి, ఎవరూ తప్పు పట్టుకోరు.

తిరిగి వేసేటప్పుడు స్టడ్ల మర వైర్ బ్రష్‌తో రుద్ది, స్ప్రే తడి పొడి గుడ్డతో తుడిచేయండి. తుప్పు పట్టకుండా గ్రీజు పూద్దామనిపిస్తుంది, పూయకండి. మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం మరల దగ్గరా, నట్టు రిమ్ముకి ఆనే చోటా రాపిడికే పోతుంది, గ్రీజు ఉంటే ఆ రాపిడి తగ్గి అదే బలానికి స్టడ్డు అతిగా సాగుతుంది. నట్లు ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ, బండి దించాక పూర్తిగా బిగించండి. ఓ వంద కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి చూడండి.

ప్రశ్న: అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఉంటాం. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మా కారు నట్లలో రెండింటికి దానితో వచ్చిన పానా అసలు ఎక్కట్లేదు, మిగతావాటికి ఎక్కుతోంది. సైజు మారుతుందా?

జవాబు: మారుతుందండి. అక్కడ కొన్ని కార్లకి ఇనుప నట్టు మీద మెరిసే పల్చటి లోహపు తొడుగు ఉంటుంది. తొడుగు కిందకి ఉప్పునీరు చేరి లోపల తుప్పు ఉబ్బితే 19 ఉన్నది అరమిల్లీమీటరు పెరుగుతుంది, పానా ఎక్కదు. టైర్ల షాపుల్లో 19.5 ఎంఎం సాకెట్ ఇందుకే ఉంచుకుంటారు. వాటిని ఇప్పుడే, రోడ్డు మీద పంక్చర్ పడకముందే తీయించి, తొడుగు లేని ఏకముక్క నట్లు అన్నిటికీ వేయించుకోండి. కొనేటప్పుడు మర కొలతతో పాటు రిమ్ముకి ఆనే అంచు ఏటవాలుగా ఉందా, గుండ్రంగా ఉందా అన్నది పాతదానితో పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.