సైకాలజీ చదివితే నెలకి 80 వేలా? అమ్మాయి తండ్రికి నా జవాబు

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి రాశారు. బట్టల కొట్టు, బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ, బీఏ సైకాలజీ ఆఖరి ఏడాదిలో ఉన్న అమ్మాయి. పై రాష్ట్రంలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఎంఏకి 6 లక్షలు అడిగారట, చదువు అవ్వగానే నెలకి 80 వేలు గ్యారంటీ అన్నారట. అమెరికాలో సైకాలజిస్టుకి ఏడాదికి 77 లక్షలని కూడా ఎక్కడో చదివారు. ఎఫ్‌డీ తీసెయ్యనా అని అడుగుతున్నారు.

ఇప్పుడే తియ్యకండి సార్.

ఆ 77 లక్షలు నిజమే, 2023లో అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం మధ్యస్థ జీతం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ) 92,740 డాలర్లు. కాకపోతే అక్కడ క్లినికల్ సైకాలజిస్టు అంటే చాలావరకు డాక్టరేటు చేసి, ఆపైన లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు. దాన్ని మన ఎంఏతో పోల్చకూడదు.

ఇక్కడ జీతం మారేది ఎంఏ దగ్గర కాదు, ఆర్‌సీఐ నంబరు దగ్గర. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అందులో రిజిస్టరైతేనే క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవచ్చు, దానికి మామూలు ఎంఏ చాలదు, కౌన్సిల్ గుర్తించిన క్లినికల్ కోర్సు ఉండాలి. ఇన్నాళ్లూ దాన్ని ఎంఫిల్ అనేవారు, యూజీసీ ఎంఫిల్ ఎత్తేశాక పేర్లు మారుతున్నాయి కాబట్టి చేరే ఏడాది కౌన్సిల్ లిస్టు చూసుకోండి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. మీ డబ్బు అసలు అవసరమయ్యేది అక్కడ.

ఆ నంబరుతో కేంద్ర ప్రభుత్వంలో లెవెల్ 10 జీతం స్కేలు పోస్టు దొరికితే బేసిక్ 56,100, మీద డీఏ. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో ఎక్కువగా కాంట్రాక్టే, దానికి ఇంక్రిమెంటు మీద ఆశ పెట్టుకోవద్దు. ఒడిశా పోస్టులకి ఒడియా చదవడం, రాయడం రావాలి, మీ అమ్మాయికి అది ప్లస్సే. కాలేజీ దారి వేరు. ఎంఏ, నెట్ (లెక్చరర్ల అర్హత పరీక్ష) ఉంటే చాలు, అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700, తర్వాత పీహెచ్‌డీతో అసోసియేట్ అయితే 1,31,400. అదే పరీక్షలో మంచి మార్కులకి ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకి 37,000, అంటే చదువుకుంటూనే సంపాదన. స్కూలు కౌన్సెలర్ల విషయానికొస్తే సీబీఎస్‌ఈ పెట్టుకోమంది కానీ జీతం మేనేజ్‌మెంటు ఇష్టం.

సొంత ప్రాక్టీసు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, అందరూ తప్పు లెక్క వేసేది ఇక్కడే. బరంపురంలో క్లినిక్ పెట్టిన సైకాలజిస్టు, నా క్లయింటు ఒకావిడ, ఒక నెల అపాయింట్‌మెంట్ నోటుబుక్ చూపించారు. 31 పేర్లు, తొమ్మిదింటి మీద ఎర్రగీత, అంటే రాలేదు. వచ్చిన 22 మందికీ ఫీజు 700 చొప్పున 15,400. గది అద్దె 5,000, రిసెప్షన్ పిల్లకి 4,000 పోతే చేతికి 6,400! అది మొదటి ఏడాది. నాలుగో ఏడు వచ్చేసరికి ఇద్దరు సైకియాట్రిస్టులు పేషెంట్లని పంపడం మొదలుపెట్టారు, హైదరాబాద్‌లో ఉన్న తెలుగువాళ్లు ఆన్‌లైన్‌లో మాట్లాడటం మొదలైంది, అప్పుడుగానీ ఇల్లు గడిచే స్థాయికి రాలేదు. ఈ నాలుగేళ్లూ వాళ్లాయన జీతం ఇంటిని లాగింది, ఆ సంగతి ఏ బ్రోచర్‌లోనూ రాయరు.

అందుకని ఎంఏ చవగ్గా కానివ్వండి. భువనేశ్వర్‌లో ఉత్కళ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ రెండూ చూడండి, ఆంధ్రాలో మామూలుగా మన ఒడిశావాళ్లకి లోకల్ కోటా వర్తించదు, సరిహద్దు అవతలి పాతపట్నం కూతవేటు దూరమైనా సరే. 9 లక్షల్లో 5 లక్షలు క్లినికల్ కోర్సుకని పక్కన పెట్టండి, లక్షన్నర తొలి ఏడాది క్లినిక్ అద్దెకి, మిగతాది ఇంటి ఎమర్జెన్సీకి. చాలకపోతే విద్యా రుణం తీసుకోండి, కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా ఈఎంఐ ఉండదు, కానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది, వీలైతే అది నెలనెలా కట్టెయ్యండి.

ఎఫ్‌డీ ఎప్పుడు మెచ్యూర్ అవుతుందో రాయలేదు. దగ్గర్లోనే ఉంటే మళ్లీ ఐదేళ్లకి కట్టెయ్యకండి, ఏడాదికొకటి, రెండేళ్లకొకటి ముక్కలు చేసి వేయండి. అమ్మాయి నెట్ వైపా, క్లినిక్ వైపా అన్నది అడిగి రాయండి, మిగతా లెక్క అప్పుడు వేద్దాం.