యాక్సిడెంట్ కేసు అయితే వరంగల్‌లోని ప్రభుత్వ పెద్దాసుపత్రి ఎంజీఎంకే తీసుకెళ్లాలా?

అక్కర్లేదు. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి తీసుకెళ్లొచ్చు. ప్రైవేటు ఆసుపత్రి అయినా ప్రాణం నిలబెట్టే మొదటి వైద్యం చేయాల్సిందే. "ఇది పోలీసు కేసు" అని గేటు దగ్గరే తిప్పి పంపకూడదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ముందు వైద్యం, తర్వాతే పోలీసు లాంఛనాలు.

మరి డబ్బు? అసలు టెన్షన్ అక్కడే. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద, మోటారు వాహన ప్రమాద బాధితులకు ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత వైద్యం అందాలి. ప్రమాదం చేసిన బండికి ఇన్సూరెన్స్ ఉంటే బీమా కంపెనీల వాటా నుంచి, లేకపోతే ప్రభుత్వ నిధి నుంచి ఆ ఖర్చు భరిస్తారు. జాబితాలో లేని ఆసుపత్రికి మాత్రం బాధితుడి పరిస్థితి కుదుటపడే వరకు చేసిన వైద్యానికే చెల్లిస్తారు.

ఉదాహరణకు, 163వ జాతీయ రహదారి మీద రఘునాథపల్లి దగ్గర బైకును లారీ గుద్దింది అనుకుందాం. దగ్గర్లోని ఆసుపత్రి రక్తస్రావం ఆపి, ఊపిరి నిలబెట్టి, ఆ తర్వాత వరంగల్‌కు పంపొచ్చు. చూడకుండానే పంపేస్తేనే తప్పు.

చాలామంది ఈ కేంద్ర పథకాన్ని ఆరోగ్యశ్రీతో కలిపేసి, తెల్లకార్డు లేకపోతే ఏమీ రాదనుకుంటారు. ఆరోగ్యశ్రీ రాష్ట్ర పథకం, అది వేరు. ఈ 1.5 లక్షలకు కార్డుతో పనిలేదు, ప్రమాదాన్ని పోలీసులు ధ్రువీకరిస్తే చాలు.