కిడ్నీ మార్పిడి తర్వాత షుగర్... స్టిరాయిడ్ తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం కిడ్నీ మార్పిడి చేశారు. అమ్మ కిడ్నీ ఇచ్చింది. అంతకుముందు షుగర్ లేదు. ఇప్పుడు పరగడుపున 108, తిన్నాక 246 వస్తోంది. మందుల వల్లే అని విని, పదిహేను రోజులుగా స్టిరాయిడ్ సగం బిళ్లే వేసుకుంటున్నా. తిప్పతీగ కషాయం కూడా తాగుతున్నా. అన్నం మానేసి జొన్నరొట్టె తింటే సరిపోతుందా?
- ఓ పాఠకుడు, కరీంనగర్

సలహా: జొన్నరొట్టె సంగతి తర్వాత. ఆ సగం బిళ్ల మాట మీ నెఫ్రాలజిస్టుకు చెప్పారా? లేకపోతే ఈ రోజే ఫోన్ చేయండి. మళ్లీ ఎంత మోతాదు వేసుకోవాలో ఆయనే చెప్పాలి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, రక్తంలో మందు ఎంత ఉందో చెప్పే టాక్రోలిమస్ లెవెల్ పరీక్ష వెంటనే చేయించండి. స్టిరాయిడ్‌లాగే టాక్రోలిమస్ కూడా కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఆపే మందు. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించడం మొదలైనా చాలాసార్లు నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. అమ్మ కిడ్నీ ఇస్తే మీరు బిళ్ల విరిచేశారు!

మీరు విన్నది అబద్ధం కాదు. టాక్రోలిమస్ వల్ల క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదల తగ్గుతుంది. స్టిరాయిడ్ ఉన్న ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అయినా ఆ మందులను సర్దాల్సింది డాక్టరే. షుగర్‌కు మందులున్నాయి, అవసరమైతే ఇన్సులిన్ ఉంది. పోయిన కిడ్నీకి అలాంటి దారి సులభంగా దొరకదు.

స్టిరాయిడ్ పొద్దున వేసుకుంటారు కాబట్టి మధ్యాహ్నం నుంచి రాత్రి వరకే షుగర్ ఎక్కువగా పెరుగుతుంది. పరగడుపు రీడింగ్ బాగుందని ఊరుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను. మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు చూసి రాసుకోండి. రక్తహీనత ఉంటే మూడు నెలల సగటు పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, తక్కువ చూపించవచ్చు. ఇంట్లోవాళ్ల షుగర్ బిళ్లలు మాత్రం వేసుకోకండి. మెట్‌ఫార్మిన్ లాంటివి కిడ్నీ పనితీరు చూసే ఇస్తాం.

తిప్పతీగ ఆపేయండి. మీ మందులు రోగనిరోధక శక్తిని అణచడానికే ఇస్తున్నాం, మీరేమో దాన్ని పెంచుతుందని పేరున్న కషాయం తాగుతున్నారు. పైగా దాంతో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. పంపరపనస కూడా వద్దు, టాక్రోలిమస్ మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు.

జొన్నరొట్టె తినండి, కానీ అదీ పిండిపదార్థమే. నాలుగు తింటే అన్నం మానేసి లాభం లేదు.

లెవెల్ పరీక్షకు వెళ్లే రోజు పొద్దుటి టాక్రోలిమస్ వేసుకోకుండా జేబులో పెట్టుకెళ్లండి. రక్తం ఇచ్చాకే వేసుకోవాలి.